అలిగి పోను గడప లేని కోడలు

దత్తమండలం నుంచి దర్బారు దాకా – 14వ భాగం

గత భాగాన్ని 1924 మార్చి 4 తెల్లవారుజామున, ఇస్తాంబుల్‌కు దూరంగా ఉన్న చటల్జా అనే చిన్న రైల్వే స్టేషనులో ఆపాం. ముందురోజే అంకారా శాసనసభ ఖలీఫా పదవిని రద్దు చేసింది. రాత్రికి రాత్రే దొల్మాబాచె ప్యాలెస్ చుట్టూ పోలీసులు నిలిచారు. ఊళ్లోని పెద్ద స్టేషనుకు తీసుకుపోతే జనం గుమిగూడతారన్న భయంతో, చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను కుటుంబంతో సహా మోటారు కార్లలో ఆ పల్లె స్టేషనుకు చేర్చారు. రైలు వచ్చేదాకా వాళ్లను తన ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చినవాడు ఒక యూదు స్టేషను మాస్టరు. స్పెయిన్ తరిమేసిన తన పూర్వీకులకు ఈ ఉస్మానియా వంశమే నీడనిచ్చిందని, ఆ రుణం తీర్చుకుంటున్నానని ఆయన అన్నట్టు చెబుతారు. ఆ కుటుంబంలో పదేళ్ల పిల్ల ఉంది. పేరు దుర్రు షెహ్వార్. పారసీ మాట. రాజులకు తగిన ముత్యం అని అర్థం.

మా చిలమకూరులో మా పక్కింటి అవ్వకు చదువు రాదు. ఈ ధారావాహికలో ప్రతి భాగమూ ఆమెకు చదివి వినిపించడం నాకు అలవాటు. పోయిన భాగం చివర, ఈ పిల్లే పెద్దయ్యాక ఫ్రాన్సు నుంచి హైదరాబాదుకు నిజాం కోడలిగా వస్తుందని చదివాను. అవ్వ దిగ్గున లేచి కూర్చుంది. "అంత దూరం ఇచ్చినారా ఆ బిడ్డిని! మళ్లా పుట్నింటికి పోయిందా, ల్యాదా?" అని అడిగింది. పుట్టిల్లు అనేదే లేదవ్వా, ఆ దేశంలో అడుగు పెట్టగూడదని చట్టమే చేసినారు అన్నాను. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ బిడ్డికి అలిగి పోను గడప గూడ ల్యాదన్నమాట" అంది.

ఈ భాగమంతా ఆ మాట చుట్టూనే రాశాను.

కడప జిల్లా చరిత్ర చెబుతానని మొదలుపెట్టి టర్కీకి, ఫ్రాన్సుకు పోయాడేమిటని కొందరికి అనిపించవచ్చు. మనల్ని 1800లో ఇచ్చేసిన ఇల్లు ఏదో గుర్తు చేసుకోండి. బ్రిటిష్ సైన్యాన్ని పోషించే ఖర్చు కింద రెండో నిజాం బళ్లారి, అనంతపురం, కడప సీమలను కంపెనీకి రాసిచ్చాడు. అప్పటినుంచి మనం దత్తమండలం. ఆ పేరు మోయలేక 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు పెట్టుకునేదాకా మనల్ని అలాగే పిలిచారు. మనల్ని ఇచ్చేసిన ఆ ఇల్లు తర్వాత ఏమైంది, ఆ ఇంటికి ఎలాంటి కోడలు వచ్చింది అన్నది మనకు పరాయి సంగతి కాదు.

యూరప్‌లో వార్ బ్రైడ్ అనే మాట ఉంది. యుద్ధం తెచ్చిన పెళ్లికూతురు అని చెప్పుకోవచ్చు. యుద్ధంలో పరదేశం పోయిన సిపాయి అక్కడి పిల్లను పెళ్లాడితే ఆ పిల్లకు ఆ పేరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వేలమంది ఫ్రెంచి ఆడపిల్లలు అలా అమెరికా ఓడలెక్కారు. వాళ్లు వచ్చేందుకు దారి సులువు చేస్తూ 1945 డిసెంబరు 28న అమెరికా ప్రత్యేక చట్టమే తెచ్చింది. సముద్రం దాటి, భాష రాని అత్తగారింట్లో అడుగుపెట్టి, అక్కడే పిల్లల్ని కని, అక్కడే ముసలివాళ్లయిన ఆ స్త్రీల కథలు ఇప్పటికీ వాళ్ల మనవరాళ్లు చెప్పుకుంటున్నారు. దుర్రు షెహ్వార్ భర్త ఏ యుద్ధానికీ పోయి ఆమెను చూసినవాడు కాదు. పెళ్లి జరిగింది మొదటి యుద్ధం ముగిసిన పదమూడేళ్లకు. అయినా నా లెక్కలో ఆమె యుద్ధం తెచ్చిన పెళ్లికూతురే. ఎందుకంటే ఆ యుద్ధంలో ఆమె పుట్టింటివాళ్లు ఓడిన పక్షం, అత్తింటివాళ్లు గెలిచిన పక్షం.

ఆమె పుట్టింది 1914 జనవరి 26న. ఆమెకు పది నెలల వయసప్పుడు ఉస్మానియా సుల్తాను జర్మనీ వైపు యుద్ధంలో దిగి, ఖలీఫా హోదాలో ముస్లింలందరికీ జిహాద్ పిలుపునిచ్చాడు. ఆ పిలుపు భారతదేశంలోని ముస్లిం సిపాయిల చెవిన పడితే ఎలాగని బ్రిటిష్ వాళ్లకు గుండెల్లో దడ. అప్పుడు వాళ్లను ఆదుకున్నవాడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. బ్రిటిష్ ప్రభుత్వానికి విధేయంగా ఉండండని ముస్లింలకు ప్రకటన విడుదల చేశాడు. డబ్బు ఇచ్చాడు. గుర్రపు దళాన్ని పంపాడు. హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి ఈజిప్టులో, పాలస్తీనాలో ఉస్మానియా సైన్యంతోనే పోరాడారు. ఢిల్లీలో తీన్‌మూర్తి భవన్ ముందు నిలబడి ఉన్న ముగ్గురు సిపాయిల విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌దే. ఆ సేవకు ప్రతిఫలంగా 1918లో నిజాంకు "హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్" బిరుదు దక్కింది. భారతదేశంలో ఇంకే రాజుకూ ఆ బిరుదు లేదు.

ఆ ఏడాదే నవంబరులో మిత్రరాజ్యాల ఓడలు ఇస్తాంబుల్ రేవులో లంగరు వేశాయి. ఆ నగరాన్ని కాపలా కాసిన సైన్యంలో భారతీయ సిపాయిలూ ఉన్నారు. నాలుగేళ్ల పాపకు ఇవేవీ తెలిసి ఉండవు. మనకు మాత్రం తెలియాలి. తన గుర్రాలు కూల్చిన కోటలోని ముత్యాన్నే పదమూడేళ్ల తర్వాత నిజాం తన ఇంటికి తెచ్చుకున్నాడు.

ఫ్రాన్సుకు వద్దాం. చటల్జాలో రైలెక్కిన కుటుంబం మొదట స్విట్జర్లాండు చేరి, కొన్ని నెలల తర్వాత దక్షిణ ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున ఉన్న నీస్ నగరంలో స్థిరపడింది. ఇంగ్లాండు డబ్బున్నవాళ్లు, రష్యా విప్లవంలో సర్వం పోగొట్టుకున్న దొరలు, పదవులు పోయిన రాజులు చలికాలం గడిపే ఊరు అది. అబ్దుల్ మజీద్ యుద్ధవీరుడు కాదు, కళాకారుడు. నూనె రంగుల చిత్రాలు వేసేవాడు, పియానో, చెల్లో వాయించేవాడు. రాజ్యం పోయినా ఆయన ఇంట్లో దర్బారు పద్ధతులు పోలేదు. కూతురికి ఆ కట్టుబాట్ల మధ్యనే చదువు సాగింది. టర్కిష్ ఇంటి భాష, ఫ్రెంచి వీధి భాష, ఇంగ్లీషు నేర్చుకున్న భాష. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా, ఆడపిల్ల మనిషిగా తయారయ్యే వయసంతా ఆమెకు ఫ్రాన్సులోనే గడిచింది. హైదరాబాదుకు వచ్చిన కోడలు పుట్టుకతో టర్కీ పిల్ల, పెంపకంతో ఫ్రాన్సు పిల్ల.

ఇల్లు గడవాలిగా? ఆస్తులు టర్కీలో పోయాయి. ఖలీఫా పదవి నిలవాలని సాగిన ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు మౌలానా షౌకత్ అలీ చెప్పగా నిజాం నెలకు 300 పౌండ్ల భరణం ఏర్పాటు చేశాడు. ఆ ఉద్యమం మన సీమకు కొత్త కాదు. 1921లో గాంధీ కడపకు వచ్చినప్పుడు స్వరాజ్యంతో పాటు ఖిలాఫత్ మాట కూడా వినిపించిందని ఎనిమిదో భాగంలో చెప్పుకున్నాం. కడప సభలో ఎవరి పదవి నిలవాలని జనం గొంతెత్తారో ఆ వంశపు పిల్లే నీస్ సముద్రపు ఒడ్డున పెరుగుతోంది.

సంబంధం కుదిర్చింది షౌకత్ అలీయే. ఇందులో ఒక్కొక్కరి లెక్క ఒక్కోటి. షౌకత్ అలీకి, ఇస్లాం లోకంలో పడిపోయిన గౌరవపీఠాన్ని భారతదేశపు సంపదతో నిలబెట్టాలన్న ఆశ. నిజాంకు, లోకంలో కెల్లా ధనవంతుడన్న పేరుకు తోడు ఖలీఫా వియ్యంకుడన్న ప్రతిష్ఠ. అబ్దుల్ మజీద్‌కు, దేశం లేని కూతురికి ఒక ఇల్లు, ఒక పాస్‌పోర్టు. బ్రిటిష్ అధికారులకు మాత్రం అనుమానం. ఈ పెళ్లితో హైదరాబాదు కొత్త ఖిలాఫత్‌కు పుట్టినిల్లు అవుతుందేమోనని వాళ్లు జాగ్రత్తగా గమనించారు. ఇంతమంది లెక్కల్లో ఆ పదిహేడేళ్ల పిల్ల ఏమనుకుందో అడిగినవాళ్లు ఎవరో చరిత్రలో కనబడదు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

బేరం మెహర్ దగ్గర తగులుకుంది. ప్రొద్దుటూరులోనో కడపలోనో ముస్లిం ఇళ్ల పెళ్లి చూసినవాళ్లకు మెహర్ అంటే చెప్పనక్కర్లేదు. పెళ్లికొడుకు పెళ్లికూతురికి రాసివ్వవలసిన మొత్తం. అబ్దుల్ మజీద్ 50,000 పౌండ్లు అడిగాడు. రాజ్యం పోయినా తన కూతురి విలువ తగ్గలేదని ఆ తండ్రి చెప్పదలచుకున్నాడనే నేను అనుకుంటాను. ఎంత ధనవంతుడో అంత పొదుపరి అయిన నిజాంకు అది మరీ ఎక్కువ అనిపించింది. షౌకత్ అలీ మళ్లీ మధ్యలోకి వచ్చాడు. ఖలీఫా బంధువుల అమ్మాయి, అదే ఊళ్లో ప్రవాసంలో పెరుగుతున్న నీలోఫర్‌ను నిజాం రెండో కొడుక్కి ఇచ్చేట్టు, ఆ ఒక్క మొత్తంలోనే ఇద్దరు కోడళ్లు వచ్చేట్టు మాట కుదిరిందని రాస్తారు.

1931 నవంబరు 12న నీస్‌లోని కరబాసెల్ విల్లాలో నిఖా జరిగింది. పెద్ద కొడుకు ఆజం జాకు దుర్రు షెహ్వార్, రెండో కొడుకు మొఅజ్జం జాకు నీలోఫర్. ఒకరికి పదిహేడు, ఇంకొకరికి పదిహేను నిండి పదహారో ఏడు. నిజాం రాలేదు. రాజకుమారుల వెంట వెళ్లిన పెద్దల్లో ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన మార్మడ్యూక్ పిక్తాల్ కూడా ఉన్నారు. అప్పటికి ఆయన హైదరాబాద్ కొలువులో ఉద్యోగి.

డిసెంబరు 12న కొత్త జంటలు వెనిస్ రేవులో పిల్స్‌నా అనే ఓడ ఎక్కాయి. రెండు రోజుల తర్వాత బ్రిండిసి రేవులో ఆ ఓడలోకే ఇంకో ప్రయాణికుడు ఎక్కాడు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశం నుంచి ఉత్త చేతులతో తిరిగివస్తున్న మహాత్మా గాంధీ. పదేళ్ల కిందట ఏ పదవి కోసం ఊరూరా తిరిగాడో ఆ పదవిలో చివరివాడి కూతురూ తనూ ఒకే ఓడలో రెండు వారాలు ప్రయాణం చేశారు. చరిత్ర ఇలాంటి కలయికలు చూపినప్పుడు నాకు కాసేపు కలం ముందుకు సాగదు. కొత్త కోడళ్లకు ఆ ఓడలోనే చీర కట్టుకోవడం, హైదరాబాదు దర్బారు మర్యాదలు నేర్పించారు. గౌన్లతో పెరిగిన పిల్లలు కదిలే ఓడలో కుచ్చిళ్లు పెట్టుకోవడం నేర్చుకున్న దృశ్యాన్ని అవ్వకు చెబితే, "మేము నేల మీద నేర్చుకోనుకే ఏడ్చినాం" అంది.

డిసెంబరు 28న బొంబాయి. వారం తిరక్కుండానే, 1932 జనవరి 4న, గాంధీని అరెస్టు చేశారు. కోడళ్లు నిజాం ప్రత్యేక రైలులో హైదరాబాదు చేరారు. బొంబాయి నుంచి మన ఎర్రగుంట్లకు వచ్చే రైలు కూడా వాడి జంక్షన్ దాకా ఆ పట్టాల మీదే రావాలి. వాడి దగ్గర దారి చీలుతుంది. ఒకటి నిజాం ఉండే హైదరాబాదుకు, ఇంకొకటి రాయచూరు, గుంతకల్లు మీదుగా నిజాం వదిలేసిన మన సీమలోకి. జనవరి తొలి రోజుల్లో చౌమహల్లా ప్యాలెస్‌లో విందు జరిగింది. నిజాం పెద్ద కోడలికి దుర్దానా బేగం అని పేరు పెట్టాడు.

కాపురం బెల్లా విస్టా అనే బంగళాలో. ఇప్పుడు అందులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. చెరువు వైపు చూస్తూ, తోటల మధ్య ఉన్న ఇల్లు. అక్కడ ఆమెకు ఎదురైన హైదరాబాదును తలచుకోండి. నిజాం సొంత కూతుళ్లు పరదా చాటునే ఉండేవారు. కోడలు మాత్రం పరదా లేకుండా సభలకు వచ్చింది, వేదికల మీద కూర్చుంది, మాట్లాడింది. దానికి మామగారు అడ్డుచెప్పలేదు సరికదా, గర్వపడేవాడు. ఆమె భర్త కంటే పొడుగు. విందుల్లో ఆ పొడవును అందరికీ చూపించి నిజాం మురిసిపోయేవాడని రాశారు. ఆమె గురించి రాసిన చాలామంది అక్కడే ఆగిపోతారు: ఎత్తు, రంగు, కళ్లు, నగలు. అలాంటి రాతలు నాకు నచ్చవు. ఒక మనిషి తొంభై రెండేళ్లు బతికితే ఆమె గురించి చెప్పడానికి నగలు తప్ప ఏమీ దొరకలేదంటే, వెతికినవాళ్లు సరిగ్గా వెతకలేదని అర్థం.

1933లో ఆమె కడుపుతో ఉంది. మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో జరగాలంటాం. ఏ దేశపు తల్లిదండ్రులకైనా అదే కోరిక ఉంటుందేమో! ఆమె ఫ్రాన్సుకు వెళ్లింది. ఇస్తాంబుల్‌లో గడప లేకపోయినా నీస్‌లో తండ్రి ఉన్న గడప ఒకటుంది. అక్టోబరు 6న అక్కడే ముకర్రం జా పుట్టాడు. తండ్రి వైపు హైదరాబాదు గద్దె, తల్లి వైపు ఇస్తాంబుల్ గద్దె. ఆ పసివాడి ఒంట్లో పోయిన రాజ్యం ఒకటి, పోబోతున్న రాజ్యం ఒకటి కలిశాయి. అవ్వకు ఈ వాక్యం చదివితే కళ్లు తుడుచుకుని, "పుట్నింట్లో కనింది, అంతే చాలు" అంది. రెండో కొడుకు ముఫఖ్ఖం జా 1939లో పుట్టాడు.

1936లో బ్రిటిష్ వాళ్లతో కుదిరిన ఒప్పందంతో ఆజం జాకు బేరార్ యువరాజు అనే బిరుదు వచ్చింది. దాంతో ఆమె ప్రిన్సెస్ ఆఫ్ బేరార్ అయింది. ఆ బేరార్ ఏదంటే, మనలాగే సైన్యం ఖర్చు కింద 1853లో కంపెనీ చేతికి పోయిన నేల. బిరుదులో మాత్రమే మిగిలిన రాజ్యం. దేశం లేని ఆమెకు పేరులో దక్కింది కూడా చేజారిన సీమే! మరుసటి ఏడాది లండన్‌లో ఆరో జార్జి పట్టాభిషేకానికి ఆ హోదాలోనే వెళ్లింది.

కాపురం మాత్రం సాఫీగా సాగలేదు. ఆజం జా నిజాం సైన్యానికి సర్వసేనాని అయ్యాడు గానీ జల్సాలు, అప్పులు ఆయన్ను వదల్లేదు. కొడుకు మీద నిజాంకు నమ్మకం సడలుతూ వచ్చింది. భార్యాభర్తల దారులు వేరయ్యాయి. మన ఊళ్లో ఇలాంటి ఇల్లాలు ఏం చేస్తుంది? పెట్టె సర్దుకుని పుట్టింటికి పోతుంది. అన్నదమ్ములు వచ్చి పంచాయితీ పెడతారు. ఆమె కథలో ఆ గడప కూడా యుద్ధంలోనే పోయింది.

1939లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. మరుసటి ఏడాది ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. హైదరాబాదుకూ, తండ్రి ఉన్న నేలకూ మధ్య దారులు మూసుకుపోయాయి. 1944 ఆగస్టు మూడో వారంలో పారిస్ వీధుల్లో జర్మన్ సైనికులకూ తిరుగుబాటుదారులకూ మధ్య కాల్పులు మొదలయ్యాయి. ఆగస్టు 25న జర్మన్లు లొంగిపోయారు. దానికి రెండు రోజుల ముందు, 23న, అప్పటికి నీస్ వదిలి పారిస్‌లో ఉంటున్న అబ్దుల్ మజీద్ తన ఇంట్లోనే గుండె ఆగి చనిపోయాడు. బయట నగరానికి విముక్తి వస్తోంది, లోపల దేశం లేని మనిషి ప్రాణం పోయింది. ఆ రోజుల్లోనే ఫ్రెంచి ఆడపిల్లలు అమెరికా సిపాయిలకు పూలు విసిరారు. వాళ్లలో కొందరు ఒకటి రెండేళ్లలో ఆ సిపాయిలకే భార్యలై ఓడలెక్కారు. ఒక యుద్ధం ఒకే వారంలో కొందరికి అత్తిల్లు తెచ్చిపెట్టింది, ఒకరికి పుట్టిల్లు తుడిచిపెట్టింది.

శవాన్ని ఎక్కడ పూడ్చాలి? ఇస్తాంబుల్ మట్టిలో, తాతల పక్కన అని కూతురి కోరిక. దుర్రు షెహ్వార్ టర్కీకి వెళ్లింది. ఇరవై ఏళ్ల కిందట తనను వెళ్లగొట్టిన దేశానికి, బేరార్ యువరాణిగా, ఇంకో దేశపు మనిషిగా వెళ్లింది. అధ్యక్షుడు ఇస్మత్ ఇనొనును కలిసి, తండ్రి శవానికి ఆరడుగుల నేల అడిగింది. ఒప్పుకోలేదు. పారిస్ పెద్ద మసీదులో ఆ పెట్టె పదేళ్లు ఉండిపోయింది. చివరికి 1954లో మదీనాలో ఖననం జరిగింది. పదేళ్లపాటు తండ్రికి అంత్యక్రియలు పూర్తికాని కూతురి మనసు ఎలా ఉంటుందో, ఇంట్లో కర్మలు ఆగిపోయిన బాధ ఎరిగినవాళ్లకు తెలుస్తుంది.

ఆమె రాజకీయంగా గెలిచిన పోరు ఒకటే ఉంది. అది పిల్లల చదువు. మనవళ్లను తన కళ్లెదుటే, కోట గోడల మధ్య, మౌల్వీల దగ్గర పెంచాలని నిజాం ఇష్టం. ఆమె ఒప్పుకోలేదు. రాజ్యాలు ఎంత తొందరగా పోతాయో పదేళ్ల వయసులో రైలు పెట్టెలో కూర్చుని చూసిన తల్లి ఆమె. గద్దె లేకపోయినా నిలబడగలిగే చదువు కావాలని పట్టుబట్టింది. ముకర్రం జా డెహ్రాడూన్‌లో డూన్ స్కూలుకు, అక్కడినుంచి ఇంగ్లాండులో హారోకు, కేంబ్రిడ్జికి, శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలకు వెళ్లాడు. మామగారి మాటకు ఎదురు నిలిచి కోడలు నెగ్గిన సందర్భాలు ఆ కోటలో ఎన్నో లేవు.

ఆమె భయం నిజమైంది. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు లొంగిపోయింది. ఆమె కళ్లెదుట కూలిన రెండో రాజ్యం అది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, 1800లో విడిపోయిన కడప, హైదరాబాదు 156 ఏళ్లకు మళ్లీ ఒకే ప్రభుత్వం కిందకు వచ్చాయి. ఈసారి రాసిచ్చే రాజు లేడు. 1967లో నిజాం చనిపోయేనాటికి వారసత్వం ఆజం జాను దాటి ముకర్రం జాకు చేరింది. నాలుగేళ్లకు రాజభరణాలు, బిరుదులు కూడా పోయాయి. ఆజం జా 1970లో చనిపోయాడు.

హైదరాబాదులో ఆమె పేరు ఇప్పుడు ఎక్కడుందో చూడాలంటే కోటలకు పోనక్కర్లేదు. పాతబస్తీలో పురానీ హవేలీకి పోతే దుర్రు షెహ్వార్ పిల్లల, జనరల్ ఆసుపత్రి ఉంది. జ్వరంతో ఉన్న బిడ్డను భుజాన వేసుకుని వరసలో నిలబడిన తల్లులు ఆ పేరును తమకు తోచినట్టు పలుకుతారు. యాకుత్‌పురా వైపు ఆడపిల్లల కోసం ఆమె పెట్టించిన జూనియర్ కాలేజీ ఉంది. ఒకసారి పనిమీద హైదరాబాదు వెళ్లినప్పుడు ఆ ఆసుపత్రి బయట కాసేపు నిలబడ్డాను. సీమ యాసలో మాట్లాడుతున్న ఒక జంట లోపలికి పోయింది. ఏ ఊరని అడగాలనిపించి అడగలేకపోయాను. వాళ్ల చేతిలో పసిబిడ్డ ఉంది, అది మాటలు పెట్టుకునే సమయం కాదు.

దుర్రు షెహ్వార్ చివరి దశాబ్దాల్లో ఎక్కువగా లండన్‌లో ఉంది. ఉస్మానియా వంశపు ఆడవాళ్లు తిరిగి రావచ్చని టర్కీ 1952లోనే అనుమతిచ్చింది. మగవాళ్లకు 1974 దాకా ఆ అనుమతి రాలేదు. కావాలనుకుంటే ఆమె ఇస్తాంబుల్ మట్టిలోనే కలిసిపోవచ్చు. కానీ తండ్రికి ఇవ్వని నేల తనకు వద్దందని చెబుతారు. 2006 ఫిబ్రవరి 7న లండన్‌లో కన్నుమూసింది. తొంభై రెండేళ్లు. ఇంగ్లాండులోని బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఆమె సమాధి ఉంది. పుట్టింది ఇస్తాంబుల్‌లో, పెరిగింది నీస్‌లో, కాపురం హైదరాబాదులో, మట్టి ఇంగ్లాండులో. నీస్‌లో ఆమె కన్న కొడుకు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయాడు. అతణ్ని మాత్రం హైదరాబాదుకు తెచ్చి మక్కా మసీదు ఆవరణలో పూర్వీకుల పక్కన పూడ్చారు. తల్లికి దక్కని ఊళ్లో ప్రాణం విడిచి, తల్లి కాపురం చేసిన ఊరి మట్టిలో కలిశాడు.

ఇది చదువుతుంటే అవ్వ ఒక ప్రశ్న వేసింది. "ఆయమ్మ తోడుకోడలు ఉండె గదా, రెండోది, ఆ చిన్నపిల్ల? దాని సంగతేమాయె?"

పదహారో ఏట ఉన్న నీలోఫర్ కూడా అదే ఓడ దిగింది, అదే రైలెక్కింది. చీరను ఆమె కట్టుకున్న తీరు చూడడానికి లోకం తరలివచ్చింది. కానీ ఆమె ఒడిలోకి బిడ్డ రాలేదు. ఒకరోజు ఆమె పరిచారికల్లో ఒకామె కాన్పులో చనిపోయిందన్న కబురు వచ్చింది. ఆ కబురు విన్న తర్వాత ఆమె చేసిన పని వల్లే ఇవాళ హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో, సీమ నుంచి కూడా బిడ్డల్నెత్తుకుని పోయే ఆ ఆసుపత్రి నిలబడింది. పిల్లలు లేని తల్లి పేరు పిల్లల ఆసుపత్రికి ఎలా వచ్చిందో, ఆ ఇల్లు వదిలి ఆమె మళ్లీ ఫ్రాన్సుకే ఎందుకు వెళ్లిపోయిందో వచ్చే భాగంలో చెప్పుకుందాం.